కుడికన్ను పైన అంచు

టోపీ భోజనాల బల్ల మీద ఉంది. పక్కన కత్తెర. కత్తెర పక్కన, ఎవరో కొరికి వదిలేసిన బిస్కెట్టులా, నెలవంక ఆకారంలో ఒక గుడ్డముక్క.

బగ్గులమ్మ ఆఫీసు సంచి భుజం మీంచి దించకుండానే కాసేపు ఆ మూడింటినీ చూస్తూ నిలబడింది. తర్వాత ఆ నెలవంకను రెండు వేళ్ళతో ఎత్తి టోపీ అంచుకు ఆనించింది. అతికినట్టు సరిపోయింది.

సరిపోకపోతే బాగుండునని ఎందుకో ఆశపడింది. అది ఇంకెవరి టోపీదో అయి, ఇంకెవరి ఇంటి గొడవో అయి ఉంటే బాగుండునని.

“ముట్టుకోకు, ఇంకా అంచు కుట్టలేదు. దారాలు లేస్తాయి,” అన్నారు అత్తగారు వంటగదిలోంచి.

గొంతులో తప్పు చేసిన జాడ లేదు. పాలు పొంగుతున్నాయి, స్టవ్ తగ్గించు అన్నంత మామూలుగా ఉంది.

ప్రయాణం ఎల్లుండి. అత్తగారి కూతురు, బగ్గులమ్మ వదిన, ఇవాళ సాయంత్రం వస్తోంది. వీడ్కోలు చెప్పడానికి కాదు, టోపీ చూడ్డానికి.

“అత్తయ్యా, ఇది మీరే కోశారా?”

“ఎలకలైతే ఇంత నున్నగా కోయవు.”

“ఎందుకు?”

కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. ఆ ఇంట్లో అత్తగారికి నచ్చని ప్రశ్నలన్నిటికీ కుళాయే జవాబు చెబుతుంది.

చలికాలంలో అత్తగారి కుడిచెవి పైకొస మీద ఒక పొక్కు లేచింది. మానదు, పెరగదు, పిలవని చుట్టంలా ఊరికే కూర్చుంటుంది. దువ్వెన గీసుకుందిలే అని ఆవిడ వదిలేశారు. కూతురు వదల్లేదు. వదిన పనిచేసేది చర్మం డాక్టరు దగ్గర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం పుట్టుమచ్చల్ని భూతద్దంలో చూసే నర్సు. విందు భోజనాల్లో కూడా పక్కవాళ్ళ మొహం చూడకుండా మెడ చూసే మనిషి. తల్లిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. డాక్టరు ఆ పొక్కునూ, దాంతోపాటు చెవి కొసనూ కాస్త తీసేసి, అదృష్టం కొద్దీ లోపలికి పాకలేదన్నాడు. ఇన్నేళ్ళుగా తిన్న ఎండ ఇప్పుడు ఇలా అరుగుతోందన్నాడు. ఇకమీదట తల మీద నీడ లేకుండా గుమ్మం దాటొద్దన్నాడు.

అత్తగారు సర్వేయర్‌గా రిటైరైన మనిషి. నీడ ఉన్నచోట కొలవడానికి ఏమీ ఉండదని ఆవిడ సిద్ధాంతం.

సముద్రం చూడ్డానికి విదేశం వెళ్దామని అత్తగారు అనగానే వదిన వద్దంది. వేసవిలోనా, అందులోనూ ఆ దేశపు ఎండల్లోనా అంది. అప్పుడు ఇదే బల్ల దగ్గర బగ్గులమ్మ, ఎవరూ అడక్కుండానే, తన మెడకు తానే గంట కట్టుకుంది.

“అత్తయ్య మొహం మీద, చెవుల మీద ఎండ పడకుండా చూసే పూచీ నాది వదినా.”

వదిన ఆ మాట బరువు చూస్తున్నట్టు ఆగింది. “సరే. టోపీ నాకు చూపించాకే విమానం ఎక్కండి,” అంది.

బగ్గులమ్మ అన్నది అత్తగారు పెట్టిన పేరు. కాపురానికొచ్చిన కొత్తలో, నీ ఉద్యోగంలో ఏం చేస్తావమ్మా అని ఆవిడ అడిగితే, వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు, అంటే బగ్గులు, వెతుకుతానని చెప్పింది. అత్తగారు కాసేపు ఆలోచించి, తప్పులు వెతకడం అత్తల పని అనుకున్నానే, కోడళ్ళకు జీతమిచ్చి మరీ చేయిస్తున్నారన్నమాట అన్నారు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు పాలవాడు కూడా అదే పేరుతో పిలుస్తాడు.

అలాంటి మనిషి టోపీ కొంటే ఎలా కొంటుందో అలాగే కొంది. మొదట తెచ్చిన గడ్డి టోపీని దీపానికి ఎదురుగా పట్టుకుంటే జల్లెడలోంచి దిగినట్టు చుక్కలు చుక్కలుగా వెలుగు దిగింది, తిరిగి పంపేసింది. ముందు మాత్రమే చూరు ఉండే ఆటగాళ్ళ టోపీ చెవుల్ని దేవుడికి వదిలేసింది. మెడ వెనక తెర వేలాడేదాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకున్న అత్తగారు, మనం తేనెపట్టు దించడానికి వెళ్తున్నామా అని అడిగారు. ఇంకొకటి టేబుల్ ఫ్యాను ముందు పెట్టగానే ఎగిరి, అలమారలో భర్త తన పని కోసం ఆరబెట్టుకున్న కట్టుడుపళ్ళ అచ్చును కింద పడేసింది. రెండు ముందుపళ్ళు సోఫా కింద దొరికాయి.

ఆఖరికి ఒకటి కుదిరింది. నేత దట్టం. చుట్టూ బెత్తెడు అంచు. గడ్డం కింద తాడు. సూట్‌కేసులో అణిగినా మళ్ళీ లేచి నిలబడే వెన్ను. దీపం, ఫ్యాను, నీళ్ళు, సూట్‌కేసు, అన్నీ దాటింది. దుకాణంలో అమ్మాయి కళ్ళజోడు తీస్తే ఇంకా బాగా కూర్చుంటుంది మేడమ్ అంటే, అత్తగారు వినిపించుకోకుండానే అద్దంలో ఒక చూపు చూసి, బాగానే ఉంది పద అన్నారు. ఆవిడ తలకు సరిపడే సైజులో అదొక్కటే మిగిలింది.

ఒక్క పరీక్ష మాత్రం బగ్గులమ్మకు తట్టలేదు. కత్తెర.

ఆమె టోపీ పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నారు.

ఇష్టం లేకపోతే కొన్నప్పుడే చెప్పాల్సింది కదా అంది. ఇష్టం లేదని ఎవరన్నారు అన్నారు అత్తగారు. ఇష్టమైనదాన్ని ఎవరైనా కోస్తారా అంటే, మామిడిపండు కోయవూ అన్నారు.

మామూలు రోజైతే బగ్గులమ్మ నవ్వేది. ఇవాళ టోపీ కోసిన వైపును ఆవిడ ముందుకు తిప్పి పట్టుకుంది.

“ముందున్న అంచు చూపుకు అడ్డమొస్తోంది,” అన్నారు చివరికి అత్తగారు, గిన్నెతోనే.

“ఎండకు అడ్డం రావడానికే కదా అత్తయ్యా అంచు.”

“ఎండకు అడ్డం రమ్మను. నాకు కాదు.”

“వదిన వస్తారు. ఏం చెప్పమంటారు?”

“ఉన్నది చెప్పు. మీ అమ్మకు రిటైరయ్యాక బుద్ధి మందగించి కోసుకుందని చెప్పు.”

అన్నది హాస్యానికే. కానీ గిన్నె గట్టు మీద కాస్త గట్టిగా దిగింది. ఆ తర్వాత అత్తగారు వంటగదిలో, కోడలు హాల్లో.

భర్త వచ్చేసరికి ఇల్లు అలా ఉంది. అతను డెంటల్ ల్యాబులో కట్టుడుపళ్ళు చేస్తాడు. వీధిలో అందరికీ పళ్ళాయన. అమ్మకూ భార్యకూ మధ్య మాటలు లేనప్పుడు అతను ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల ఏదో పారేసుకున్నవాడిలా చూస్తాడు. ఇవాళ చాలాసేపే చూశాడు. చల్లదనమంతా హాల్లోకి వచ్చింది.

తర్వాత నెలవంకను వెలుగులో అటూ ఇటూ తిప్పి, చిగుళ్ళకు వాడే జిగురుతో అతికిస్తే గీత కూడా కనబడదన్నాడు. వానలో ఊడితే అంది బగ్గులమ్మ. అక్కడ వేసవిలో వాన పడదుగా అన్నాడు. చెమట పడుతుందిగా అంది. అతను మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు.

“మీ అక్కకు ఏం చెబుదాం?”

“పూచీ ఉన్నది నువ్వు కదా,” అన్నాడు ఫ్రిజ్‌లోంచి.

మెత్తగానే అన్నాడు. మెత్తటి ముల్లు కూడా ముల్లే.

ఆమె దుకాణానికి ఫోన్ చేసింది. ఆ సైజు లేదన్నారు, తెప్పించాలంటే వచ్చే వారం అన్నారు. సూదీ దారం తెచ్చి ముక్కను తనే కుట్టబోయింది. కుట్టు దగ్గర గుడ్డ పొక్కుపొక్కుగా లేచి, అంచు ఎండిన ఆకులా లోపలికి ముడుచుకుంది. వేలికి గుచ్చుకుని చిన్న చుక్క రక్తం వచ్చింది. అత్తగారు ఆ దారినే వెళ్తూ చూసి, కట్టుగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు.

అంతలో వదిన దగ్గర్నుంచి మెసేజ్. ఇవాళ డాక్టరు త్వరగా వెళ్ళిపోయాడు, నేను ముందే బయల్దేరుతున్నాను.

బగ్గులమ్మ కుట్లు విప్పేసి, టోపీని దూరంగా పెట్టి చూసింది. గొడవ ఎవరిదన్నది తర్వాత, ముందు తప్పు ఎక్కడ మొదలైందో చూడు. ఆఫీసులో ఇన్నేళ్ళలో నేర్చుకున్నది అదొక్కటే.

టోపీ తన తల మీదే పెట్టుకుని నడవాలో అద్దం ముందు నిలబడింది. ఎడమకంటి మీద నీడ నిండుగా ఉంది. కుడికంటి మీద ఏమీ లేదు.

చూపుకు అడ్డమొస్తే రెండు కళ్ళకూ రావాలి. కోపంతో కోస్తే కత్తెర ఇటూ అటూ పోవాలి. ఇది కుడికన్ను పైన మాత్రమే, ఏదో గుండ్రటిది వచ్చి ఆనుకోవడానికి చోటు వదిలినట్టు, కొలిచి కోసిన కోత.

అద్దం పక్కన గోడ మీద ఒక ఫొటో ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తుంది గనక బగ్గులమ్మ దాన్ని ఎప్పుడూ సరిగా చూడలేదు. చెట్టూ చేమా లేని మైదానం. మూడుకాళ్ళ స్టాండు మీద కొలత యంత్రం. వెనక వరసగా మగవాళ్ళు. ముందు, యంత్రం గొట్టానికి కుడికన్ను ఆనించి వంగిన పడుచు మనిషి అత్తగారు. తల మీద ఖాకీ టోపీ. దాని అంచుకు కుడివైపున ఒక కొరుకు.

ఇన్నేళ్ళూ అది ఫొటోకు పట్టిన చెద అనుకుంది.

అత్తగారు బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఎదుటి మేడ అద్దాల మీద పడి ఇటు తిరిగి వస్తోంది. బగ్గులమ్మ వెళ్ళి ఆవిడకూ ఆ వెలుగుకూ మధ్య నిలబడింది. ఈమధ్య అది అలవాటైపోయింది.

“అక్కడికెళ్ళి ఏ యంత్రంలోకి చూడబోతున్నారు అత్తయ్యా?”

క్లిప్పు తీస్తున్న చెయ్యి ఆగింది. కుళాయి అందుబాటులో లేదు.

“ఎవరు చెప్పారు?”

“టోపీ.”

అత్తగారు బాగా ఆరిన చొక్కాను మళ్ళీ తీగ మీద వేశారు. తర్వాత చెప్పారు, ముక్కలు ముక్కలుగా, బట్టల మధ్య బట్టలకే చెబుతున్నట్టు. ఆ దేశంలో ఆవిడ శిష్యురాలు ఒకామె ఉంది. ఒకప్పుడు ఈవిడ వెనక కొలత కర్ర మోసిన పిల్ల, ఇప్పుడు అక్కడ పెద్ద సర్వేయర్. సముద్రానికి దగ్గర్లో ఎండిపోయిన ఉప్పు సరస్సు ఒకటి ఏటేటా కుంగుతోందట. ఎంత కుంగిందో ప్రతి వేసవిలోనూ కొలుస్తారట. ఈ ఏడు రెండు పూటలు మీరొచ్చి యంత్రంలో చూపు పట్టండి మేడమ్ అని అడిగిందట.

బగ్గులమ్మకు ఇప్పుడు అర్థమైంది. సముద్రం చూడాలి, ఆ దేశమే వెళ్ళాలి అని అత్తగారు పట్టుబట్టినప్పుడు, ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి అడిగిందని పొంగిపోయి, వారం తిరక్కుండా టికెట్లు కొన్నది తనే.

“అంచు తగిలితే యంత్రం కదులుతుంది,” అన్నారు అత్తగారు. “వెంట్రుకవాసి కదిలినా పొద్దున్నుంచి పట్టిన చూపులన్నీ బూడిదలో పోసిన పన్నీరే. అందుకని కొత్త టోపీ కొనగానే మొదట కుడివైపు కోసేవాళ్ళం. మా జట్టులో అందరం. ఎడమకన్ను వాటం మనిషి ఒకడుండేవాడు, వాడు మాత్రం ఎడమవైపు కోసేవాడు. వాడి టోపీ ఎవరూ ఎత్తుకుపోయేవాళ్ళు కాదు.”

“పోనీ, గొడుగైనా ఉండేది కాదా?”

“ఎందుకుండదు. ఇంత పెద్ద గొడుగు. పట్టుకోవడానికి ఒక మనిషి కూడా.”

“మరింకేం.”

“అది యంత్రానికే. ఎండ తగిలితే దాని లెక్క తప్పుతుంది. నాకు తగిలితే నా లెక్క తప్పదు కదా.”

ఆవిడ నవ్వారు. నవ్వినప్పుడు జుట్టు కదిలి, కొస లేని కుడిచెవి కనిపించింది. బగ్గులమ్మ చూపు తిప్పుకుంది.

“ఉప్పు తెల్లగా ఉంటుంది అత్తయ్యా. ఎండ పైనుంచే కాదు, కిందనుంచి కూడా కొడుతుంది. టోపీ నిండుగా ఉన్నా సగమే ఆపేది. మీరు ఆ సగంలో కూడా ముక్క కోశారు.”

“తెలుసు.”

“తెలిసి కూడానా.”

“తెలియక నిలబడ్డ రోజులు అయిపోయాయిలే. ఈ రెండు పూటలు తెలిసే నిలబడతాను.”

“నాకైనా చెప్పొచ్చు కదా.”

“చెబితే పరీక్షలు పెడతావు. నువ్వు పెట్టకపోతే మీ వదిన పెడుతుంది.” అత్తగారు మడిచిన చీరను ఇంకోసారి మడిచారు. “రిటైరైన దగ్గర్నుంచి నన్ను ఎవరూ ఏదీ చూడమని అడగలేదే. చూపించమనే అడుగుతున్నారు. చెవి చూపించు, మెడ చూపించు, వీపు చూపించు. ఆ పిల్ల ఒక్కత్తే, మేడమ్ మీరొచ్చి చూడండి అంది.”

బగ్గులమ్మ దారులు వెతికింది. ఆ గొడుగు యంత్రం మీద కాకుండా మనిషి మీద పట్టొచ్చు. మొహానికి గుడ్డ కట్టొచ్చు. ఎండ ముదరక ముందే పని ముగించొచ్చు. మనసులో ఒక్కోదాన్నీ నడిపించి చూసింది. ఒక్కోదానికీ ఒక్కో చోట చిల్లు కనిపించింది. గొడుగు నీడ ఉప్పులోంచి లేచే వెలుగును ఆపదు. గుడ్డ కట్టుకుంటే ఊపిరి ఆవిరై గొట్టం అద్దం మసకేస్తుందని ఈవిడే పీకి పారేస్తారు. వెళ్ళొద్దంటే ఈ మనిషి ఏమవుతుందో, వెళ్ళమంటే ఈ చెవి ఏమవుతుందో. అడకత్తెరలో పోకచెక్క అంటారు. పోకచెక్క నయం, దానికి ఎవరికీ జవాబు చెప్పుకునే పని లేదు.

“మీ వదినకు చెబుతావా?”

బతిమాలడం లేదు, గద్దించడం లేదు. యంత్రంలో మట్టం చూపే బుడగ మధ్యకొచ్చి నిలిచేదాకా ఆగడం అలవాటైన మనిషి, అలాగే ఆగారు.

కింద వదిన స్కూటర్ ఆగిన చప్పుడైంది.

వదిన లోపలికి వస్తూనే చేతులు కడుక్కుని, వేళ్ళ సందులు కూడా తువ్వాలుతో తుడుచుకుంది. ఎవరింటికెళ్ళినా ఆమె మొదటి పని అదే. ఎవరో ఒకరి చర్మం ముట్టుకోవాల్సి వస్తుందని నమ్మకం. తమ్ముణ్ణి చూసి చిక్కిపోయావురా అంది. మరదలి వైపు చూసి ఆ మాట మాత్రం అనలేదు. సూట్‌కేసుల చక్రాలు తిప్పి చూసింది. టీ తాగింది. వేలికి ఆ కట్టేంటని బగ్గులమ్మను అడిగింది. సూది గుచ్చుకుందంటే, నువ్వు సూది పట్టడం ఎప్పట్నుంచి అంది.

అత్తగారు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు.

“ఏదీ టోపీ.”

పళ్ళాయన తెచ్చాడు. కోసిన చోటు అరచేతి కింద పడేలా, పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చి, నేత ఎంత దట్టమో, నీళ్ళలో ముంచినా రంగు ఎలా పోలేదో చెప్పడం మొదలుపెట్టాడు. వదిన చెయ్యి చాపింది. అతని అరచెయ్యి పక్కకు తొలిగింది.

ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంది.

“ఇదేంటి?”

అత్తగారు నోరు తెరిచారు. ఆ నోట్లోంచి రాబోతున్నది బగ్గులమ్మకు ముందే కనిపించింది. ఉప్పు సరస్సు. ఆ తర్వాత వదిన అనబోయేది కనిపించింది. ఆ తర్వాత విప్పేసిన సూట్‌కేసులు, అత్తగారి గది తలుపు, ఏడాది పొడుగునా కుళాయి చప్పుడు.

“నేనే కోశాను వదినా,” అంది.

నాలుక తనదే. మాట మాత్రం ఎవరో తోసినట్టు బయటపడింది. పడ్డాక దాన్ని నిలబెట్టాలి కదా. “ముందు అంచు కళ్ళ మీదకు వంగిపోతోంది. అత్తయ్యకు మెట్లు కనబడవేమోనని.”

పళ్ళాయన ఫ్రిజ్ వైపు చూశాడు గానీ కదిలే ధైర్యం చేయలేదు. అత్తగారు కోడలి వైపు చూశారు. ఆ చూపులో మెచ్చుకోలు లేదు. సరిచేసి పెట్టిన యంత్రానికి దారినపోయేవాళ్ళ చెయ్యి తగిలితే చూసే చూపు అది.

“నువ్వు,” అంది వదిన నెమ్మదిగా. “దీపం ముందు పెట్టి, ఫ్యాను ముందు పెట్టి, బకెట్లో ముంచి, వీడియోలు తీసి నాకు పంపిన నువ్వు. ప్రయాణం ఎల్లుండి అనగా కత్తెర పెట్టావు.”

“పొరపాటైంది.”

“పొరపాటులా లేదే. చాలా శ్రద్ధగా ఉంది.”

కోత వెంబడి వదిన బొటనవేలు నడిచింది, ఒక చివర నుంచి ఇంకో చివరకు.

“నా చిన్నప్పుడు ఇలాంటిది ఆ తలుపు వెనక మేకుకు వేలాడేది. అందులో నేను బొమ్మను పడుకోబెట్టేదాన్ని. ఈ సందులోంచి దానికి గాలి తగులుతుందని.” ఆమె తల్లి వైపు చూడలేదు. “వీడికి తెలీదులే. వీడు పుట్టేసరికి అమ్మ టోపీ ఆఫీసు జీపులోనే వదిలేసి వచ్చేది.”

పళ్ళాయన మెల్లగా నడవాలో ఫొటో వైపు తిరిగాడు. బగ్గులమ్మ చెవులు వేడెక్కాయి. అబద్ధం దొరికిపోయింది. దొరికిందని వదిన అనలేదు, అదింకా ఘోరంగా ఉంది.

“ఎవరు కోశారన్నది తర్వాత,” అంది వదిన. “ఎంత ఎండ పడుతుందో ముందు చూద్దాం. అమ్మా, ఇటు రా.”

తల్లిని కిటికీ పక్కన నిలబెట్టి, పరదా లాగేసింది. గది మసకబారింది. టోపీ తల మీద పెట్టి, గడ్డం కింద తాడు బిగించింది. చిన్నపిల్లకు బడికి వెళ్ళేముందు కట్టినట్టే కట్టింది. తర్వాత పర్సులోంచి చిన్న టార్చి తీసి, చెయ్యెత్తి, తల్లి తలకు పైన పట్టుకుంది.

“నేను మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి. కదలకు.”

వదినకు కూడా హాస్యం ఉంది, వాడదు అంతే.

బగ్గులమ్మ చేయని పరీక్ష అది. ఆమె టోపీని పరీక్షించింది గానీ, టోపీ కింద మొహం ఉంచి వెలుగు వేసి చూడలేదు. ఇప్పుడు చూసింది. నుదుటి మీద నీడ. ఎడమచెంప మీద నీడ. మెడ నీడలో ఉంది, రెండు చెవులూ నీడలో ఉన్నాయి. చెవులు నీడలో ఉన్నాయి వదినా అని బగ్గులమ్మ చెప్పబోయింది.

కోసిన చోటి నుంచి మాత్రం వెలుగు దిగి, కుడికన్ను కింద, కళ్ళజోడు ఫ్రేము మీదుగా చెంప ఎముక దాకా నెలవంకలా పరుచుకుంది. ఉద్యోగం చేసినన్నేళ్ళూ, యంత్రానికి కన్ను ఆనించనప్పుడల్లా, సరిగ్గా అక్కడే పడి ఉంటుంది ఎండ.

“ఇదిగో, ఇంత మేర ఎండ పడుతుంది,” అంటోంది వదిన. “ఇక్కడికి క్రీము రాసినా గంటకోసారి మళ్ళీ రాయాలి, చెమటకు పోతుంది కాబట్టి. నువ్వు రాయవు, అది నాకు తెలుసు, అందుకని నీ కోడలి దగ్గర...”

మాట మధ్యలో ఆగింది.

టార్చి కూడా ఆగింది. వదిన తల్లి గడ్డం కింద వేలు పెట్టి, మొహాన్ని కొంచెం పైకెత్తి, కొంచెం పక్కకు తిప్పింది. క్లినిక్‌లో తిప్పేలా. ఈమధ్య అత్తగారు పౌడర్ రాసుకుంటున్నారు. రిటైరయ్యాక సరదాలు మొదలయ్యాయని కొడుకూ కోడలూ నవ్వుకున్నారు. ఆ వెలుగులో పౌడర్ మొహమంతా ఒకేలా లేదు. ఫ్రేము కింద ఒక్క చోట, చెవి మీద లేచిన పొక్కంత మేర, మందంగా ఉంది.

ఆ ఆగడం బగ్గులమ్మకు తెలుసు. బాగానే నడుస్తోందనుకున్న పని ఉన్నట్టుండి తెర మీద నిలిచిపోయినప్పుడు తన వేళ్ళు కూడా అలాగే ఆగుతాయి.

“అమ్మా,” అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది. “ఆ కళ్ళజోడు ఒకసారి తియ్యి.”

“అది లేకపోతే నాకు కనబడదు.”

“నువ్వు చూడక్కర్లేదు. నేను చూస్తాను.”

అత్తగారికి కళ్ళజోడు చదవడానికే. పేపరు మడిచిందే తడవు అది డబ్బాలోకి వెళ్ళిపోయేది. ఈ మందపాటి నల్ల ఫ్రేము వచ్చినప్పటి నుంచి వెళ్ళడం లేదు. గిన్నెలు కడిగేటప్పుడూ ముక్కు మీదే. బట్టలు తీసేటప్పుడూ ముక్కు మీదే. టోపీల దుకాణంలో అద్దం ముందు కూడా. బగ్గులమ్మకు ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ తన కళ్ళముందు జరిగిందే.

అంచు నేనే కోశానన్న తన మాట ఇంకా ఆ గదిలోనే ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

“ఎప్పట్నుంచి అమ్మా?” అంది వదిన, ఈసారి చాలా చిన్నగా.

అత్తగారు చెయ్యెత్తారు. తీయబోతున్నారనే ముగ్గురూ అనుకున్నారు. పళ్ళాయన డబ్బా అందించడానికి చెయ్యి కూడా చాపాడు.

ఆవిడ చూపుడువేలు ఫ్రేము మీద ఆనింది, కుడివైపున, కింద. దాన్ని చెంపకేసి ఇంకాస్త గట్టిగా అదిమి పట్టుకుంది.